పులితేన్పుకు పంచిపెట్టిన ఆస్తి

గొడుగు ఒకటి, చొక్కాలు రెండు, ఇత్తడి టిఫిన్ డబ్బా ఒకటి, చేతి గడియారం ఒకటి, తోలు చెప్పులు ఒక జత (జతను ఒకటిగానే లెక్కించాను). వెరసి ఆరు. పోలీసు చర్య రోజుల్లో సికింద్రాబాదులో నేను పోగొట్టుకున్నవి ఇవి. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు, నా చేతులతో నేనే పంచిపెట్టాను. ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్ళు. రాంగోపాల్‌పేట్‌లో బియ్యం కొట్టు గుమాస్తాని, మెట్టుగూడలో మేనత్త ఇంట్లో మకాం. లెక్కలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నవాణ్ణి గనుక, నా చావును కూడా నేనే లెక్కగట్టుకోగలనన్న ధీమా ఉండేది.

లూటీ భయంతో అత్త తన వెండి కడియాలు, పట్టీలు పాత చీరపేలికలో మూటగట్టి నా నడుముకు మూడు చుట్లు బిగించింది. "మొగోని నడుము ఎవడు తడుముతడురా? విప్పినవంటే నా మీద ఒట్టే!" చీకటి పడితే దీపం పెట్టకూడదు గనుక, రెండు పూటల అన్నమూ సాయంత్రమే, చింతకాయ తొక్కుతో, తిన్న వెంటనే పడక. అలా పడుకోగానే రొమ్ములో నిప్పు రాజుకునేది, గొంతులోకి పుల్లటి నీళ్ళు ఎగదన్నేవి. గుండెజబ్బేనని తేల్చుకున్నాను. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండు, మూడో రోజు నాలుగు. ఈ లెక్కన ఏడో రోజుకు అరవైనాలుగు. ఏ మనిషీ తట్టుకోడు. అందుకే పంపకాలు షురూ చేశాను. గొడుగు తోటి గుమాస్తా లంబూకి దక్కింది (ఆరడుగులకు అంగుళం తక్కువ). కళ్ళు తుడుచుకుంటూనే అది తెరిచి చూసుకున్నాడు.

అయిదో రోజు అత్త నన్ను పక్కింటి హకీం సాబ్ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. ఆయన నా పొట్ట నొక్కితే ఘల్లుమంది.

"ఏందీ బేటా, కడుపుల గజ్జెలు కట్టినవా?"

మూట విప్పించాడు. అత్త తల తిప్పుకుంది.

"గుండెకేం కాలే. కడుపుల పుల్లనీళ్ళుంటయి, అన్నం అరగాలంటే ఉండాల్సిందే. పైకి రాకుంట గొంతు కింద మూత సుత ఉంటది. నిండ దిని, నడుము బిగబట్టి, వెంటనే పండుకుంటివి. నిండు బిందెను పండబెట్టి నొక్కితే మూత ఆగుతదా?"

ఆ సాయంత్రం సగం తిని, నడుము వదులు చేసి, చీకట్లోనే గోడకానుకుని కూర్చున్నాను. మంట సున్నా. మర్నాటి నుంచి వసూళ్ళకు బయలుదేరాను. అయిదు వస్తువులు తిరిగొచ్చాయి (చెప్పులు కాస్త అరిగి). లంబూ మాత్రం కదల్లేదు. "పోతనన్నవ్, పోలే. మాట తప్పింది నువ్వా, నేనా?"

మొన్న వానలో అదే గొడుగుతో వచ్చి (గుడ్డ రెండుసార్లు మారింది, పిడి నాదే) మా గుమ్మంలో కూలబడ్డాడు. "ఛాతీల మండుతుందిరా, పోతనేమో!" బొజ్జ మీద బెల్టు రెండు రంధ్రాలు వదులు చేయించి, మెల్లగా పిడి మీద చెయ్యేశాను. చటుక్కున లాక్కున్నాడు. "ఇంకా పోలే గద!"

అత్త ఇప్పుడు లేదు. ఆ పట్టీలు మా అమ్మాయి కాళ్ళకున్నాయి. అన్నం తిన్నాక గంటసేపు గోడకానుకుని కూర్చున్నప్పుడు, అవి ఘల్లుమంటే నా చెయ్యి నడుము మీదికి పోతుంది. నవ్వుకుంటాను. చావును అంత పక్కాగా లెక్కగట్టిన ఆ కుర్రగుమాస్తా, బతికితే ఏమవుతుందో మాత్రం లెక్కేయలేదు. నేటికీ రావలసిన బాకీ: గొడుగు ఒకటి.