సాల్మన్ సార్ హాజరు

"రాత్రంత సాంచెల కాడ నిలవడొచ్చిన. గిప్పుడే కన్నంటుకున్నది. పొద్దుగాల్నే మా గడపల గీ హాజరు లొల్లేంది సార్?"

"నవ్యశ్రీ!"

"మల్ల పిలుస్తుండు! రాదు సార్. పోండ్రి సార్."

"నిన్ను పిలువలే పరశురాములూ. నవ్యశ్రీ!"

రాత్రంతా మరమగ్గాలు నడిపొచ్చిన పరశురాములు, కూతురిని పిలుస్తున్న సార్ మీద అరుస్తుంటే గొడవ సందు చివరిదాకా వినిపిస్తోంది. నేను వేపపుల్ల నములుతూ అక్కడికి చేరాను.

మా సాల్మన్ సార్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే: హాజరు. నలుగురు ఒకచోట కనబడితే పేర్లు పిలవాల్సిందే. ఊళ్లో హైస్కూల్లో తెలుగు చెప్తారు కాబట్టి ఆ పిలవడమూ అక్షరక్రమంలోనే. రిజిస్టరు ఉండదు, అన్నీ నోటికే. కరీంనగర్ బస్సెక్కితే తెలిసినవాళ్లందరినీ పిలుస్తారు. చర్చిలో పాస్టరుగారు ప్రార్థనకు కళ్లు మూసుకుంటే, ఈయన పాటల బృందాన్ని పిలవడం మొదలుపెట్టారు. పాస్టరుగారు కంగారుగా కళ్లు తెరిచి తానూ పలికారు. మేనకోడలు బ్లెస్సీ పెళ్లిలో భోజనాలకూ ఇదే వరస. అనసూర్యకు మటన్ ముక్కలు దండిగా పడ్డాయి. హనుమంతు దాకా వచ్చేసరికి చారు మిగిలింది. హనుమంతు ఇప్పటికీ ఆయనతో మాట్లాడడు. పిలిస్తే మాత్రం పలుకుతాడు.

డిగ్రీ మధ్యలో వదిలేసి ఊరు పట్టుకుని తిరిగే నన్నూ వదలరు.

"భానుప్రసాద్!"

"నేను బడి ఇడిసి ఏండ్లాయె సార్."

"ఉన్నవా, లేవా?"

"ఉన్న సార్."

"గంతే."

వేసవి సెలవుల ఆఖరి వారంలో ఆయనను పట్టలేం. మిగతా టీచర్లు పాఠ్యపుస్తకాలు సర్దుకుంటుంటే, ఈయన తెల్లారగానే సందులన్నీ తిరిగి, ఆరో తరగతిలో చేరాల్సిన పిల్లలను వాకిళ్లలోంచే పిలుస్తారు. ఈసారి అందరూ పలికారు, నవ్యశ్రీ తప్ప. రేపే బడి.

లోపల మగ్గాలకు దారం కండెలు చుట్టే మిషన్ తిరుగుతోంది. వాళ్లమ్మ జమున గుమ్మంలోకి వచ్చి చేతులు చూపించింది. మొన్న వచ్చిన జ్వరం పోయినా వేళ్ల వాపు పోలేదు.

"గీ చేతులతోని కండెలెట్ల చుట్టాలె సార్? పిల్ల చుట్టకపోతే మగ్గాలాగుతయ్. సేటు ఊకుంటడా? ఒక్క నెల ఆగుండ్రి."

"నెల అంటవ్ జమునా. నెలకు పిల్ల చెయ్యి మంచిగ తిరుగుతది. అప్పుడు ఇడుస్తరా మీరు?"

పరశురాములు మొహం ఎర్రబడింది. చెయ్యెత్తుతాడేమోనని నేను పుల్ల ఉమ్మేసి ముందుకు జరిగాను. సందంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది. సార్ ఒక్క అడుగు వెనక్కి వేయలేదు.

"నవ్యశ్రీ!"

మిషన్ ఆగింది.

"ఉన్న సార్!"

చిన్న గొంతే. కానీ అందరూ విన్నారు. ఎదురింటి చంద్రవ్వ ఊరుకోలేదు: "పలికింది గదరా పిల్ల! ఇంకేం దాస్తవ్?"

అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. ఈయన ఇంటింటి ముందు గొంతు చించుకునేది పిచ్చితో కాదు. నలుగురూ వినేలా పలికిన పిల్లను మరునాడు పనికి కూర్చోబెట్టాలంటే ఏ తండ్రికైనా మొహం చెల్లదు.

"మరి కండెలు?" అన్నాడు పరశురాములు. గొంతు దిగింది.

సార్ చెప్పులు విడిచి లోపలికి వెళ్లి మిషన్ ముందు కూర్చున్నారు. నవ్యశ్రీ పక్కన నిలబడి నేర్పింది. ఆయన దారం తెంపారు. ముడేసి మళ్లీ తెంపారు.

"గుంజకుండ్రి సార్! మెల్లగ ఇడువుండ్రి!" అని పిల్ల గద్దించింది. సార్ బుద్ధిగా తలూపారు. అన్ని రోజుల తర్వాత జమున నవ్వింది. పరశురాములు నవ్వు దాచుకోవడానికి దగ్గాడు.

నేను మెల్లగా జారుకోబోతుంటే సార్ తలెత్తారు.

"జర గిటు రా బిడ్డా. రేపటి సంది నాకు బడి. జమున వేళ్లు మంచిగయ్యేదాక పగటీలి నువ్వు చుట్టు, బడి ఇడిసినంక నేనొస్త. ఒక్క జాగల కూసునుడు నీకు రాదని నాకెరుకే. నాకు గూడ కండె చుట్టుడు రాకపాయె. జర కూసో."