కారని మరచెంబు కారుతుందన్నాను

ఒక ఆన్‌లైను వేలం నమ్మదగిందో కాదో తేల్చుకుందామని పరీక్ష పెట్టాను. పెట్టినదాన్నీ నేనే, తప్పినదాన్నీ నేనే. నా నోటితో నా కొంప నేనే ఎలా ముంచుకున్నానో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, మొహమాటం వద్దు. మా మనవరాలు స్నేహ ఇప్పటికే మీ వాటా కూడా నవ్వేసింది.

జరిగి మూడేళ్ళవుతోంది. అప్పటికి నాకింకా చిన్న వయసే, అరవై ఎనిమిది. బుద్ధి కుదరలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిని కూర్చున్నాను. స్నేహ ఫోను పట్టుకుని నా పక్కకి జరిగింది. ఆ పిల్ల నరసరావుపేటలోనే డిగ్రీ చదువుతూ మా ఇంట్లో ఉంటుంది.

"నాయనమ్మా, ఇటు చూడు. నీ ఈడు సామాన్లన్నీ వేలం వేస్తున్నారు."

"నా ఈడువి ఇంకా పనికొస్తున్నాయా? సంతోషం."

చూశాను. ఎద్దు మెడ గంటల పక్కన కెమెరా, కెమెరా పక్కన పింగాణీ కుక్క, దాని పక్కన నడవని గోడగడియారం. కారంపూడి బస్సు బోల్తా పడి అందరి సంచులూ కలిసిపోయినట్టుంది. హైదరాబాదులో ఎవరో కంపెనీ పెట్టి, జనం ఇచ్చిన పాత వస్తువులు ఫోనులో వేలం వేస్తారట. ఒక్కోదానికి ఒక్కో నంబరు. స్నేహ వేలితో పైకి తోస్తూ పోతుంటే పద్నాలుగో నంబరు దగ్గర నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

అది ఇత్తడి మరచెంబు. మూత తిప్పితే మర మీద బిగుసుకునే చెంబు, ఊరికైనా చేలోకైనా నీళ్ళు మోసుకుపోయేది. భుజం మీద సొట్ట. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు: సువార్తమ్మ. పేరు కొట్టినవాడు చోటు లెక్క చూసుకోలేదు. "సువార్త" వరకూ దర్జాగా నడిచిన అక్షరాలు "మ్మ" దగ్గరికొచ్చేసరికి చోటు చాలక కిందికి జారాయి, మెట్టు దిగబోయి తూలిన మనిషిలాగా.

సువార్తమ్మ మా అమ్మ. ఆ సొట్ట నా చేతి పని.

మిరపకాయల కోతకి పోతే తుమ్మచెట్టు కింద ఇరవై చెంబులు ఒక్కచోట ఉండేవి. మా అమ్మకి చదువు రాదు. బొటనవేలితో అంచు తడిమి, జారిన అక్షరం తగలగానే "ఇదే నాది" అని ఎత్తుకునేది. నేను మూడో తరగతి దాకా బడికి పోయాను గానీ, అక్షరమన్నది మొదట చూసింది ఆ చెంబు మీదే. ఆ తూలిన "మ్మ" చూసి, అక్షరాలంటే అలాగే జారాలి కాబోలనుకుని పలక మీద అలాగే రాసి పంతులుగారి చేత దెబ్బలు తిన్నాను.

నా పెళ్ళికి అమ్మ ఆ చెంబు నాకిచ్చింది. కొన్నేళ్ళకి పాత ఇత్తడికి స్టీలు సామాన్లిచ్చే బండి మా వీధిలోకి వచ్చింది. ఇత్తడి తోమాలంటే చింతపండు ఖర్చు. నా పొదుపు సంగతి మీకు తెలియదు, అగ్గిపుల్లని రెండుసార్లు గీయగలిగితే గీసేదాన్ని. చెంబు ఇచ్చేసి టిఫిను డబ్బా తీసుకున్నాను. తర్వాత అమ్మ వచ్చినప్పుడు స్టీలు గ్లాసులో నీళ్ళిచ్చాను. ఒకసారి అలమర వంక చూసింది, తాగింది. "చల్లగా ఉన్నాయిలే" అంది. అంతే. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. అడిగి నాలుగు తిట్టినా బాగుండేది.

అదిగో, ఆ చెంబే ఇప్పుడు నా కళ్ళ ముందుంది. నా గుండె ఎట్లా కొట్టుకుందో చెప్పను, మీరు నమ్మరు. పైకి మాత్రం, "ఇదంతా దొంగ వ్యవహారంలా ఉందే" అన్నాను.

"ఏం కాదు నాయనమ్మా. అడ్రసుంది, ఫోను నంబరుంది, ముందుగా డబ్బు కట్టమనడం లేదు. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారంట. దేనికి ఏ లోపముందో వాళ్ళే రాశారు."

"అక్కడే దొరికిపోయారు! అమ్మేవాడు తన సరుకు లోపం తనే చెప్తాడంటే? నా గుమ్మడికాయ పుచ్చని ఎవడన్నా అరుస్తాడా? ఏదో మతలబుంది. ఫోను కలుపు, నేను చూస్తా."

ప్రవల్లిక అనే అమ్మాయి వీడియోలోకి వచ్చింది. మర్యాద గల పిల్ల. "నమస్తే అమ్మగారూ, చెప్పండి" అంది.

"ఆ చెంబుని వేలితో టక్కున కొట్టమ్మాయ్."

కొట్టింది. మోత విన్నాను. మా అమ్మ చెంబు మోతే.

"నీళ్ళు పోసి, మూత బిగించి, తలకిందులు చెయ్యి."

ఆ పిల్ల తన బల్ల మీద కాగితాల పైనే తలకిందులు చేసి పట్టుకుంది. ఒక్క చుక్క రాలలేదు. "చాలా అమ్మగారూ?" అంది నవ్వుతూ. చాలు. ఆ అమ్మాయీ నిజం, చెంబూ నిజం, వేలమూ నిజం. అక్కడితో ఆగి వేలం పాట పాడి ఉంటే ఇవాళ నేనిది రాయాల్సిన పని లేదు.

కానీ నాకు వేలం కొత్త కాదు, అదీ గొడవ. మా చర్చిలో ఏటా కోతల పండుగకి జనం తెచ్చిన తొలి కాయగూరలు, కోళ్ళు, ధాన్యం వేలం వేస్తారు. అక్కడ నాదొక పద్ధతి. నాకు కావలసినదాన్ని ముందు తిట్టిపోస్తాను. "ఆ గుమ్మడికాయ లోపల బోలు, ఆ కోడికి తెగులు" అంటాను. పాస్టరుగారు గుడ్లురుముతారు, జనం నవ్వుతారు, పాట కాస్త నెమ్మదిస్తుంది, నేను కొట్టేస్తాను. మా ఆయన బతికినన్నాళ్ళూ నేను ఎంత తిట్టానన్నదాన్ని బట్టే నాకెంత ఇష్టమో కొలిచేవాడు.

స్నేహ "నరసరావుపేట నాయనమ్మ" అనే పేరుతో నన్ను వేలంలో చేర్చింది. అప్పటికే నలుగురు పాడుతున్నారు. ప్రతి వస్తువు కిందా మన మాట రాసే చోటుంది. అది చూడగానే నాలుక దురద పెట్టింది.

"రాయవే. ఈ చెంబు కారుతుంది, నా కళ్ళతో చూశాను."

"నాయనమ్మా! కారలేదు గదా!"

"వేలంలో అది అబద్ధం కాదే, రివాజు. రాయి. ఇది పాతదీ కాదు. చింతపండు పులుసులో ముంచి పేడకుప్పలో పూడ్చి రంగు తెప్పించారు. రాశావా? పేరు కూడా మొన్నమొన్న కొట్టిందే. ఆ అక్షరం చూడండి, చేతకానివాడి పని."

ఆ చివరి మాట మాత్రం ఫోను వంక చూడకుండా అన్నాను.

ఫలితం అదిరిపోయింది. "థాంక్యూ ఆంటీ, మీరు చెప్పబట్టి బతికాం" అని ఒకరు రాశారు. "ఇలాంటి పెద్దవాళ్ళుండాలి" అని ఇంకొకరు. నలుగురూ జారుకున్నారు. నేనొక్కదాన్నే మిగిలాను. గడువు మర్నాడు సాయంత్రం. పొద్దున్నే లేచి అలమరలో నడిమి అర ఖాళీ చేశాను, చింతపండు నానబెట్టాను. నేను! చింతపండు! ముందుగా!

"నాయనమ్మా, పదమూడు తర్వాత పదిహేను వస్తుంది" అంది స్నేహ, ఫోను తిప్పి తిప్పి చూస్తూ.

"సరిగ్గా చూడవే. పద్నాలుగు యాడికి పోద్ది?"

పోయింది. ఫోను చేశాను. ప్రవల్లిక గొంతులో ఎంత గౌరవమో!

"మీరు రాసింది మా సార్‌కి చూపించానండీ. అనుభవం ఉన్నవాళ్ళు అనుమానం చెబితే ఆ వస్తువుని వేలం నుంచి తీసేయడం మా పద్ధతి. ఓనరుకి తిప్పి పంపించేశాం. మీరు చెప్పకపోతే ఎవరో ఒకరు మోసపోయేవారు అమ్మగారూ."

"అది కారదమ్మాయ్! నువ్వే గదా తలకిందులు చేసి చూపించింది!"

"నేనూ అదే అన్నానండీ. పెద్దావిడ, ఊరికే ఎందుకంటుంది, మనకే కనపడలేదేమో అన్నారు సార్."

మా చర్చిలో నా మాటతో పాటు నా మొహం కూడా చూస్తారు. ముప్పై ఏళ్ళుగా నన్నెరిగినవాళ్ళు, నా తిట్టుకి ఎంత విలువివ్వాలో తెలిసినవాళ్ళు. ఈ ఫోనులో నా మొహం లేదు, మాటొక్కటే పోయింది. దాన్ని అక్షరాలా నమ్మేశారు.

స్నేహ మంచం మీద పడి నవ్వింది. "నాయనమ్మా, వాళ్ళు నమ్మదగినవాళ్ళేనని తేలిపోయింది. ఇక తేలాల్సింది నీ సంగతే!"

నేను నవ్వలేదు. ఖాళీ చేసిన అర నా వంకే చూస్తోంది. మళ్ళీ ఫోను అందుకుని ప్రవల్లికకి ఉన్నదున్నట్టు చెప్పాను. మా అమ్మ పేరు, స్టీలు బండి, నేనాడిన అబద్ధాలు, అన్నీ. ఆ పిల్ల అంతా విని, "ఓనరు గారితో నేను మాట్లాడతాను" అంది.

పది రోజులకి తనే ఫోను చేసింది. చెంబు గలాయన రిటైరైన మాస్టారట. ఎప్పుడో పాత సామాన్ల కొట్లో కొని అటక మీద పడేశాడట.

"మీరు రాసినవి చదివి ఆయనకి కోపమొచ్చిందండీ. చెంబు తోమి, నీళ్ళు పోసి, మూడు రోజులు బల్ల మీద పెట్టి చూశారంట. ఒక్క చుక్క కారలేదని మీకు చెప్పమన్నారు. ఇప్పుడు అందులోనే నీళ్ళు తాగుతున్నారంట. ఇంత మంచి చెంబు ఎవరికీ అమ్మను, ముఖ్యంగా ఆవిడకి అన్నారు."

"మా అమ్మదని చెప్పావా తల్లీ?"

"చెప్పానండీ. ఆయన నమ్మలేదు. ధర తగ్గించడానికి ఇదొక ఎత్తు అన్నారు."

ఆయనది తప్పంటానా? ఆయన స్థానంలో నేనున్నా అదే మాట అనేదాన్ని, ఇంకో రెండు కలిపి.

కాబట్టి ఇది చదివే పెద్దల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా మనసు పడినదాన్ని ఇక ఈ జన్మలో తిట్టను. నచ్చితే నచ్చిందని నలుగురూ వినేట్టు అంటాను. ఇదుగో, మొదలుపెడుతున్నాను. ఆ మరచెంబు కారదు. దానంత మంచి చెంబు పల్నాడులో లేదు. దాని మీద పేరు కొట్టినవాడి చెయ్యి బంగారం. అది మా అమ్మ సువార్తమ్మది, నాకు కావాలి. మాస్టారూ, ఎక్కడున్నారో గానీ, ఇది ధర తగ్గించే ఎత్తు కాదు. కావాలంటే పెంచుకోండి.