సైదులు పూడ్చనన్న పగులు

నిన్న పొద్దున షాద్‌నగర్‌లో కంపెనీ గేటు దగ్గర ఉన్నాను. ఫోన్ మోగింది.

కేతేపల్లిలో మా ఇంట్లో కిరాయికి ఉంటున్న టైలర్ లక్ష్మి.

"సైదులన్న మీద పోర్టికో పడ్డది" అంది.

తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు గుర్తు లేదు. బస్సు ఎక్కడ ఎక్కానో కూడా తెలియదు. నేను చేరేసరికే అయిపోయింది. నల్లగొండ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడట.

మా సైదులు. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. నేను చదువు ముగించి కంపెనీలో చేరాను, వాడు తాపీ పట్టి మంచి మేస్త్రి అయ్యాడు.

ఎలా జరిగిందని అందరూ అడుగుతున్నారు. చెప్తాను. చెప్పాల్సింది నేనే.

రెండేళ్ల కింద మా పోర్టికో స్లాబు అడుగున ఒక పగులు కనిపించింది. గీత గీసినట్టు తిన్నగా, పక్కన గోధుమరంగు మరక. ఎండకు పగిలిందనుకున్నాను. కొంచెం సిమెంట్ పూసిపొమ్మని సైదులును పిలిచాను.

వాడు సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోయాడు. ఒకచోట డొల్ల చప్పుడు. అక్కడ అరచెయ్యంత పెచ్చు ఊడదీశాడు.

లోపల ఇనుప సలాక. దాని మీది తుప్పును గోటితో పొరలు పొరలుగా తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇనుము బక్కగైతాంది, చిలుం లావైతాంది. గంత లావుకు లోపల జాగ లేదురా. జాగ కోసం సిమెంటును బయటికి నూకుతాంది. గీ పగులు లోపల్నుంచి వచ్చింది."

ఇల్లు కట్టినప్పుడు సలాకలు అడుగుకు ఆనకుండా వాటి కింద సిమెంట్ బిళ్లలు పెట్టలేదట. అడుగున సిమెంట్ వేలు మందం కూడా లేదు. పైన వాననీళ్లు నిలబడేవి. తడి ఇన్నేళ్లూ దిగుతూనే ఉంది.

మొత్తం కొట్టేసి, తుప్పు గీకి, బక్కపడ్డ చోట కొత్త సలాకలు కట్టి మళ్లీ పొయ్యాలన్నాడు. నెల రోజులు పోర్టికో కింద ఎవరూ నడవొద్దన్నాడు.

ఆ నెలలోనే మా బిడ్డ ఓణీల ఫంక్షన్. పైపైన పూసెయ్యరా, తర్వాత చూద్దాం అన్నాను.

"కనపడకుంట నేను పుయ్య" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. పని పెంచుకోవడానికే చెప్తున్నావన్నాను.

అవును, సైదులుతోనే ఆ మాట అన్నాను.

వాడు సుత్తి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. నకిరేకల్ నుంచి ఇంకో మేస్త్రిని పిలిపించి ఒక్కరోజులో పూయించాను. పెయింట్ కూడా వేయించాను. చాలా నీట్‌గా వచ్చింది.

ఫంక్షన్‌కు వస్తాడనుకోలేదు. వచ్చాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండా పోర్టికో కింద వేసిన కుర్చీలన్నీ ఒక్కొక్కటే టెంటు కిందికి మోశాడు. చూసి నాకు చిరాకు వేసింది.

ఆ తర్వాత మేము షాద్‌నగర్ వచ్చేశాం. ఇల్లు లక్ష్మికి ఇచ్చాం. నీడ ఉంటుందని ఆమె మిషన్ పోర్టికో కిందే వేసుకుంది.

పోయిన వారం సైదులు ఫోన్ చేశాడు. రెండేళ్లలో మొదటిసారి. పెయింట్ ఉబ్బిందట, స్లాబు కొంచెం దిగినట్టుందట, కనీసం కర్రలన్నా ఆనిస్తానన్నాడు. షిఫ్ట్ టైమ్ అవుతోంది. సరే, దసరా అయినంక చూద్దాంలే అని పెట్టేశాను.

నిన్న పొద్దున వాడే కర్రలు తెచ్చుకుని వెళ్లాడు. ముందు లక్ష్మిని లేపి, మిషన్ ఇంట్లోకి జరిపించాడు. ఒక కర్ర నిలబెట్టాడు. రెండోది పెడుతుంటే స్లాబు విరిగి పడింది.

నిన్న సాయంత్రం పద్మ దగ్గర కూర్చున్నాను. సైదులు భార్య. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నా చెయ్యి పట్టుకుని ఒక్కటే మాట అంది.

"'నా దోస్తు ఒప్పుకున్నడు' అనుకుంట సంతోషంగ పోయిండన్నా."

నేను ఒప్పుకోలేదమ్మా. ఆ 'సరే' ఫోన్ పెట్టేయడానికి అన్న మాట.

ఆమెకు చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను. రాసి ఏం లాభమో కూడా తెలియడం లేదు.

సెలవు సైదులూ. ఏ బరువూ నీ మీద పడని చోట నెమ్మదిగా పడుకో. నన్ను మాత్రం క్షమించకు.