అక్క మగ్గం గుంతలోకి దిగిన వేసవి

ధర్మవరంలో మా ఇంట్లో అందరూ గుంతలోకి కాళ్లు దించి కూర్చుని మగ్గం నేసేవాళ్లే, అక్క తప్ప. ఆమెకు ఫిట్స్ వచ్చేవి. రాని రోజుల్లోనూ చేతులు ఉన్నట్టుండి ఎగిరిపడేవి, పట్టుకున్న గ్లాసు గోడకు తగిలేది. నాలుగు మెట్లెక్కితే తొడలు పట్టేసేవి. పెనుకొండలో మా మేనమామదీ ఇదే జబ్బు. అమ్మకూ కొంచెం ఉండేది. "అంతా మీ పుట్టింటి సొత్తు" అని నాయన తల్లి, మా అవ్వ, అమ్మను దెప్పేది. చాలా ఏళ్లకు బెంగళూరు డాక్టరు అక్క తొడలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాడు. కండలో సత్తువ పుట్టే చోటే లోపమనీ, అది తల్లి నుంచే వస్తుందనీ చెప్పాడు. అవ్వ మాటే నిజమైంది. అయినా ఆ దెప్పుళ్లను నేనింకా క్షమించలేదు.

పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు వస్తే, అవ్వ అక్కను వంటింట్లోకి తోసి తలుపేసేది. మేము నేసేవి పెళ్లి చీరలు. మూర్ఛ ఉన్న ఇల్లని తెలిస్తే అశుభమంటాడని భయం.

హిందూపురం డాక్టరిచ్చిన మాత్రలతో ఫిట్స్ తగ్గాయి. ఆ వేసవిలో అక్క మొండికేసింది.

"నేనూ నేస్తానవ్వా."

"గుంతలో పడి సస్తావే!"

"గుంతలో కూసున్నదాన్ని ఇంగ యాడికి పడతా?"

నాయన నవ్వేసి తన మగ్గం ఇచ్చేశాడు.

అడ్డపోగును తీసుకెళ్లే నాడె విసిరి, ఆ పోగును దగ్గరకు కొట్టబోతే చెయ్యి అదిరి, దెబ్బ గట్టిగా పడి, నేత బిగుసుకుపోయేది. అక్క ఆగి, ఆ పోగులు వెనక్కి లాగి మళ్లీ నేసేది. నేసిందానికన్నా విప్పిందే ఎక్కువ. అలసిపోతే అక్కడే తల వాల్చేది. చూడలేక ఇక చాలు లెమ్మంటే నన్ను కసిరేది.

వానలు మొదలయ్యాక నేత పూర్తయి, మగ్గం మీంచి చీర కోశారు. షావుకారు దాన్ని వెలుతురుకు పట్టి, వేళ్లతో తడుముతూ చివరిదాకా చూశాడు.

"ఏమప్పా, ఇది నీ చెయ్యి కాదే. ఎవురు నేసినారు?"

అవ్వ లేచి వంటింటి తలుపు తీసింది. అక్కను నడిపించుకొచ్చి ముందు నిలబెట్టింది.

"మా మనవరాలు నేసిండాదప్పా. ఫిట్స్ వచ్చే పిల్ల. ఇంగోసారి సూడు, యాడన్నా తప్పుంటే సెప్పు!"

వీధంతా వినబడేలా అరిచింది. ఆ జబ్బు పేరు అవ్వ నోట బయటివాళ్ల ముందు రావడం అదే మొదలు. నాకు గర్వంతో ఏడుపొచ్చింది.

షావుకారు చీర మడిచాడు. "తప్పేం లేదవ్వా. ఇంగో చీరకు పట్టు పంపిస్తా, ఈ పాపకే."

"పంపించన్నా," అంది అక్క. "తొందర మాత్రం పెట్టగూడదు."