శిరీష విల్లుతో మహబూబ్‌నగర్ దాకా

నా మేనకోడలు శిరీషకు మహబూబ్‌నగర్‌లో విలువిద్య ఎంపిక పోటీ. రాష్ట్ర జట్టులోకి నలుగురినే తీసుకుంటారు. కిందటిసారి చేతులు వణికి అయిదో స్థానంలో ఆగిపోయింది. వాళ్ల నాయిన గొర్రెల మందను విడిచి రాలేడు కాబట్టి, ధైర్యం చెప్పే పని నా మీద పడింది.

ఉదయం అయిదుకు హాలియాలో బస్సెక్కాం. కొండమల్లేపల్లిలో మారి, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా వెళ్లాలి. ఆడపిల్ల కాబట్టి ఆమెకు డబ్బుల్లేని జీరో టికెట్, నాకు పూర్తి ఛార్జీ. పొడుగాటి వెదురు విల్లును చూసి కండక్టర్, "సీటియ్యకుంటే నన్ను కొడ్తవా బిడ్డా?" అన్నాడు. పిల్ల నవ్వలేదు. దాంతో నేను మొదలుపెట్టాను: చిన్నప్పుడు సాగర్ ఇవతలి గట్టున నిలబడి, వడిసెల తిప్పి, అవతలి గట్టు మీది జామకాయను రాల్చిన వైనం.

"పోయినసారి మామిడికాయంటివి మామా."

"గది ఎండకాలం. గిది చలికాలం."

ఎనిమిదిన్నరకు కల్వకుర్తిలో దిగి ఇడ్లీ తిన్నాం. అంటే, నేను తిన్నాను, రెండు ప్లేట్లు. పల్లీ చట్నీ బాగుంది. ఆమె ఒక్క ముక్క తుంచి పక్కన పెట్టింది.

పదిన్నరకు మైదానం చేరాం. మొదటి ఆరు బాణాల్లో రెండు బోర్డునే తాకలేదు. ఒక్కో బాణం ఎక్కుపెడుతూ, చూసేవాళ్ల కోసం కట్టిన తాడు వెనక ఉన్న నన్ను చూస్తోంది. నేను రెండు చేతులూ ఊపి, శక్తికొద్దీ ఉత్సాహపరిచాను. కోచ్ మేడం నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, పిల్ల కండ్లు నీ మొహం మీదనే ఉన్నయ్. బాణం వదిలేదాంక చూపు ఒక్కకాడ నిలవాలె. జర బయట చాయ్ తాగిరా."

గేటు ఎదుటి హోటల్లో గోడవైపు తిరిగి కూర్చుని మూడు చాయ్‌లు తాగాను. పిల్లలతో వెళ్లేవారికి ఆ బల్లే మంచిది, మైదానం కనిపించదు. ఆ గోడ పగుళ్లన్నీ నాకిప్పుడు కంఠతా వచ్చు.

ఒంటిగంటకు శిరీష వచ్చి, నా ముందున్న బిస్కెట్లన్నీ తినేసి, అప్పుడు చెప్పింది: "నాలుగో జాగా మామా."

తిరుగు బస్సులో పక్కసీటు అవ్వ అడిగింది, "భయం కాలేదా బిడ్డా?"

"అయింది అవ్వా. చేతులు వణుకుతనే ఉన్నయ్. మందు తాపనీకి మందల గొర్రెను పట్టేటప్పుడు, దాని వెనక కాలు మీదికెళ్లి కన్ను తియ్యం గదా. గట్లనే బోర్డు నడుమ పసుపు గుండ్రం మీదికెళ్లి కన్ను తియ్యలే."

అవ్వ నావైపు తిరిగింది. "నువ్వు చూసినవా అయ్యా?"

చూసినట్టు చెప్పడానికి నా దగ్గర కల్వకుర్తి దాకా సరిపోయే సరుకుంది. శిరీష నన్నే చూస్తోంది.

"లేదవ్వా. చాయ్ తాగిన."

"మామ నిజం చెప్పంగ ఇదే మొదటిసారి చూసుడు" అని శిరీష పకపకా నవ్వింది.

మొత్తం మీద ప్రయాణం హాయిగా సాగింది. ఒక్కటే ఇబ్బంది: ఆ నిజం సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని హాలియా దాకా ఆమెను బతిమాలుకోవాల్సి వచ్చింది.