పది మూరల అనుమానం

మా ఇంట్లో అనుమానం ముందు పుట్టి, తరువాత నేను పుట్టానని అమ్మ అంటూ ఉంటుంది. అనుమానించడం నా తప్పయితే, అనుమానం వచ్చేలా నడుచుకోవడం ఆవిడ తప్పు. భోజనాల బల్ల కొని మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో అమ్మ దాన్ని ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. రమ్మంటే, "కాళ్లు యేలాడేసుకుని తింటే అన్నం ఒంటబట్టదే" అని చాప మీదే కూర్చునేది. అలాంటి మనిషి ఒక పొద్దున్న కాఫీ తాగుతూ, "ఆ బల్ల బోసిగా ఉన్నాదే. మీదికొక గుడ్డ కొను" అంది.

నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎందుకంటే అంతకు ముందు వారమే విజయనగరం నుంచి విశాఖపట్నం వెళ్లి, అమ్మ కడుపునొప్పికి ఒక డాక్టరుకు చూపించుకుని వచ్చాం. స్కానింగు చూసి ఆయన లోపలికి పిలిచినప్పుడు నేను మందుల కొట్టు దగ్గర వరుసలో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి అమ్మ గదిలోంచి బయటికి వచ్చేసి కొంగు సర్దుకుంటోంది. ఏమన్నారని అడిగితే, "గేసన్నాడు" అంది. గ్యాసయితే ఆ కాగితాలు నా చేతికివ్వకుండా సంచిలో దోపుకోవడం ఎందుకు? ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు ఆ సంచీ వెతికాను. కాగితాలు లేవు. డాక్టరు నిజంగా ఏమన్నాడో తెలియక, అప్పటినుంచీ నాకు తిండి సయించడం లేదు.

అలా ఉండగా ఈ బల్లగుడ్డ గొడవ. సరే కదా అని టేపు పెట్టి కొలిచాను. బల్ల పొడవు ఐదడుగులు, వెడల్పు మూడు. రెండు కొసలా జానెడు చొప్పున వేలాడాలంటే ఆరున్నర అడుగులయింది. అంచులు మడిచి కుట్టడానికి కొంచెం, ఉతికితే ముడుచుకుపోతుంది గనుక ఇంకొంచెం. ఎంత ధారాళంగా లెక్కేసినా ఏడున్నర అడుగులు, అమ్మ లెక్కలో ఐదు మూరలు. పన్నా పెద్దది చూసి తీసుకుంటే వెడల్పు బాధ కూడా ఉండదు.

"ఐదు మూర్లేటి? పది మూర్లు తే" అంది అమ్మ.

"పదెందుకు?"

"ఉతికితే ముడుసుకుపోద్ది."

"సగానికి సగం ముడుసుకుపోద్దేటమ్మా?"

ఆవిడ కాస్త ఆలోచించి, రెండు మడతలు వేసి పరిస్తే వేడి గిన్నెలు పెట్టినా బల్ల కాలదంది. సాయంత్రానికి ఆ మాట కూడా మారిపోయి, మిగిలింది దిండు గలీబులకు పనికొస్తుందంది. మూడు కారణాలు చెప్పిందంటే అసలుది నాలుగోదన్నమాట.

పైగా షరతులు. బట్ట తెల్లగా ఉండాలి. అంచు ఉండకూడదు. ఒకటే ముక్క కావాలి. ఇక్కడి కొట్లలో వద్దు, పొందూరు వెళ్లే తేవాలి. రోజూ పులుసు ఒలికే బల్ల మీద ఎవరైనా తెల్లగుడ్డ పరుస్తారా? పొందూరు అమ్మ పుట్టిన ఊరు, నిజమే. కాని అక్కడ ఇప్పుడు ఆవిడకి ఎవరూ లేరు. ఉన్న ఒక్క తమ్ముడూ పిల్లాజెల్లా లేకుండా ఎప్పుడో పోయాడు. ఎవరూ లేని ఊరి మీద ఉన్నట్టుండి ఈ ప్రేమేమిటి?

ఆదివారం రైలెక్కాను. గరివిడి దాటినా ఆ మిగిలే ఐదు మూరల సంగతే ఆలోచిస్తున్నాను. పక్కింటావిడంటే అమ్మకు వల్లమాలిన అభిమానం. సగం ఆవిడకి కట్టబెట్టే ఎత్తేమోనని, అలా అయితే ఏం అనాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

కొట్లో ఉన్నాయన బాగా పెద్దవాడు. బల్ల మీదకనగానే రంగుల తానులు నాలుగు ముందు పడేశాడు.

"బల్లకయితే అంచున్నాది సూడండమ్మా. మాపు తెలీదు."

"వద్దండీ. తెల్లది, అంచు లేనిది. పది మూరలు, ఒకటే ముక్క."

తాను తీయబోతున్న ఆయన చేతులు ఆగిపోయాయి. నా ముఖంలోకి చూసి, గొంతు తగ్గించి, "ఇంట్లో ఎవులికైనా బాగోలేదేటమ్మా?" అన్నాడు.

"అలా ఎందుకడుగుతున్నారు?"

"ఏటీ అనుకోకండి. ఈ కొలత మేమెరుగుదుం. సగం కిందికి, సగం పైకి. పుట్టింటోళ్లు వచ్చి అట్టుకెళ్తారు."

మా వైపు ఆడమనిషి పోతే, మీద కప్పే కొత్తబట్ట పుట్టింటి నుంచి రావాలి. మా అమ్మలా భర్త పోయినావిడయితే తెల్లది. ఎన్ని చావులకు వెళ్లలేదు, ఎన్నిసార్లు చూడలేదు! పక్కింటావిడ దాకా అందరినీ అనుమానించిన నాకు ఈ ఒక్కటీ తట్టలేదు. పాపం, ఆ పెద్దాయన మీద మండిపడ్డాను. బల్ల మీదకని చెబుతుంటే వినపడదా అన్నాను. ఆయన కొలిచి కోసిచ్చాడు. బట్ట తీసుకోకుండా వచ్చేయొచ్చు. కాని ఉత్త చేతులతో వెళ్తే అమ్మ ఇంకెవరి చేతో తెప్పించుకుంటుంది, నాకు తెలియను కూడా తెలియదు. అందుకే తెచ్చాను.

అమ్మ బట్ట విప్పి వెలుతురుకి పట్టి చూసింది. మోచెయ్యి ఆనించి పది మూరలూ కొలుచుకుంది. మళ్లీ మడిచి, తిన్నగా తన పెట్టె దగ్గరికి నడిచింది. బల్ల వైపు చూడనైనా లేదు.

"పసుపెట్టవా?" అన్నాను.

మా ఇంట్లో కొత్త తువ్వాలయినా సరే, మూల పసుపు రాయనిదే ఎవరినీ వాడనివ్వదు. పసుపు పెట్టని కొత్తబట్ట ఒక్కటే ఉంటుంది.

"దీనికెందుకే" అనేసి నాలుక్కరుచుకుంది. "బల్లమీది గుడ్డకి కూడా పసుపేటి?" అని సర్దబోయింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే అదే.

"అమ్మా, డాక్టరు ఏటన్నాడు?"

ఆవిడ పెట్టె మీద కూర్చుంది. "కడుపులో గడ్డున్నాదన్నాడు. కోసి తియ్యాలన్నాడు. ఈ వయసులో నన్ను కొయ్యడమేటి, ఒద్దని సెప్పి వచ్చేసినాను. నాకు తమ్ముడున్నాడేటే, బట్ట తేడానికి? ఆ రోజు నువ్వు ఏడుస్తా కూకుంటావు. ఎవులో ఒకలు బజార్లోంచి ఏదో గుడ్డ తెస్తారు. మా ఊరి బట్ట నేనే తెప్పించుకుందామనుకున్నాను. తప్పేటి?"

"నా సేత తెప్పించుకుంటావా? నా సేత!" అని అరిచాను. అంత కోపం నాకు ఆవిడ మీద ఎప్పుడూ రాలేదు, అంత భయమూ ఎప్పుడూ వెయ్యలేదు. ఏడుస్తూనే వంటింట్లోకి వెళ్లి పసుపు కలిపి తెచ్చాను. ఆవిడ ఒళ్లోంచి బట్ట లాక్కుని నాలుగు మూలలా పూసేశాను.

"ఒసే, పాడు సేసినావు గదే! ఇంకది దేనికి పనికొస్తాది?"

"బల్లకి పనికొస్తాది. రేపు డాక్టరు దగ్గరికి ఎళ్తన్నాం. ఈపాలి లోపలికి నేనూ వస్తాను. ఆయన నోటంటే ఇంటాను."

అమ్మ బట్టని మళ్లీ ఒళ్లోకి లాక్కుని మూలలు తడిమి చూసింది. తడి పసుపు అంటుకున్న వేళ్లని చీరకి తుడుచుకుంది. మడత విప్పింది, మళ్లీ వేసింది. చివరికి, "కత్తెర తే" అంది. "బల్లకి ఐదు మూర్లు సాల్లే."

సరిగ్గా సగానికి కోశాను. వంకర పోతున్నాదని పక్కనుండి తిడుతూనే ఉంది. మిగిలిన ముక్క గలీబులకి దాస్తానని చెయ్యి చాచింది. ఇవ్వలేదు. పసుపు ఉతికితే పోతుందని ఆవిడకీ తెలుసు. ఆ ముక్క నా బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఎక్కడుందో ఇప్పటికీ రోజూ అడుగుతుంది. నేను చెప్పను.