గేటు లోపలి సీతజడ

ఫ్లోరెన్స్ ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. తల్లి పోయాక తండ్రి ఆదామును పెనుబల్లి నుంచి ఖానాపురం హవేలిలోని తన ఇంటికి తెచ్చుకుంది. అప్పటికే ఆయనకు మతిమరుపు ముదిరింది. ఒక మధ్యాహ్నం ఆమె డ్యూటీలో ఉండగా ఆయన ఎటో వెళ్లిపోయాడు. చెప్పుల్లేకుండా, పెనుబల్లి మీదుగా పోయే సత్తుపల్లి రోడ్డు పట్టుకుని నడుస్తుంటే, తెలిసిన ఆటో అతను ఎక్కించుకొచ్చి దించాడు.

మర్నాటి నుంచి ఫ్లోరెన్స్ సెలవు పెట్టింది. గేటుకు లోపలినుంచి తాళం వేసింది. కూరగాయలు కూడా గేటు మీదుగానే అందుకునేది. బండి మీద డ్యూటీకి పోయే ఆడవాళ్లను చూడలేక కొన్నాళ్లకు వాకిట్లో నిలబడడం మానేసి పెరటి వైపు కూర్చునేది.

ఆ పెరట్లోనే వానలు పడగానే పూల కోసం సీతజడ విత్తింది. ఆవాలకన్నా సన్నని నల్ల గింజలు. ఇసుకలో కలిపి చల్లితే వారంలో మొలిచాయి. జానెడు ఎత్తయ్యాక తలలు తుంచితే పక్కకొమ్మలు వేస్తాయని తల్లి చెప్పేది. అలాగే తుంచింది. రోజంతా తనకంటూ ఉన్న పని అదొక్కటే.

ఒక పొద్దున స్నానం చేసి వచ్చేసరికి మడి ఖాళీగా ఉంది. ఆదాము మొక్కలన్నీ వేళ్లతో పీకి, మట్టి దులిపి, గట్టు మీద కుప్ప పెట్టాడు. జీవితమంతా పత్తి చేలల్లో కలుపు తీసిన మనిషి. చేలో కలుపుగా మొలిచే గునుగుకు సీతజడ దగ్గరి చుట్టం. పూత రానంతవరకూ రెండూ ఒకేలా ఉంటాయి.

ఫ్లోరెన్స్ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని లాగింది. ఎన్నడూ లేనంత కోపంగా అరిచింది. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది దొరసానీ. నన్ను ఇంటికి పోనియ్యి. నా బిడ్డ ఎదురుచూస్తుంటది."

ఆమె చెయ్యి వదిలేసింది. తనను ఆయనే ఈ ఇంట్లో కట్టిపడేశాడని ఇన్నాళ్లూ లోలోపల అనుకుంటోంది. ఆయన దృష్టిలో గేటుకు తాళం వేసి కట్టిపడేసింది తనేనని అప్పుడు తెలిసింది.

"నీ బిడ్డ పేరేంది?" అని అడిగింది.

"ఫ్లోరెన్సు. నర్సు చదువుతున్నది."

ఆ సాయంత్రం గేటు తీసి, ఆయన చెయ్యి పట్టుకుని వీధి చివరి దాకా నడిచింది. ఆయన మెయిన్ రోడ్డు వైపే లాగాడు. వెనక్కి మళ్లించడానికి చాలాసేపు పట్టింది. ఆమె మళ్లీ అలాంటి ప్రయత్నం చేయలేదు.

మిగిలిన గింజలను ఈసారి ఒత్తుగా చల్లింది. ఆయన పీకే మొక్కలు ఆయనవి, దక్కినవి తనవి. ఆయన రోజూ గొంతుక్కూర్చుని కలుపు తీసేవాడు, ఆమె పక్కనే కూర్చునేది. పని చేసినంతసేపూ ఆయన ఇంటికి పోతానని అడిగేవాడు కాదు. బతుకమ్మ పండుగ దాటిపోయాక ఎర్రటి పూలు వెల్వెట్టు గుడ్డలా విచ్చుకున్నాయి.

సమాధుల పండుగ నాడు భద్రాచలం నుంచి తమ్ముడు క్రిస్టోఫర్ వచ్చాడు. పెనుబల్లి పోయి అమ్మ సమాధి మీద పూలు పెట్టి వస్తాను, ఈ పూట నాన్న దగ్గర ఉండమని ఫ్లోరెన్స్ అడిగింది.

"సాయంత్రం డ్యూటీ ఉంది అక్కా. పూలియ్యి, నేను పోతూ పెడతా" అన్నాడు. పూలు బాగా పూశాయనీ, ఇంటిపట్టున ఉంటే ఇలాంటివి చేసుకోవచ్చనీ మెచ్చుకున్నాడు కూడా.

ఆమె కోసినవన్నీ సంచిలో పెట్టి ఇచ్చింది. సాయంత్రం ఫోన్‌లో సమాధి ఫోటో వచ్చింది. ఆదాముకు చూపిస్తే, గునుగు బాగా పెరిగింది, ఎవరూ తియ్యలేదా అన్నాడు.

క్రిస్మస్ ముందు దవాఖానా వాళ్లు ఆమె స్థానంలో వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. ఫోన్‌లో ఆ మాట వినేటప్పుడు ఫ్లోరెన్స్ మడిలోనే ఉంది. సరేనంది. తండ్రి ఇంకా వంగి పీకుతున్నాడు. ఎండ ఆయన వీపు మీదికి వస్తుంటే లేచి గొడుగు పట్టింది.